చివరి అధ్యాయం నుంచి చదవండి

సాయంత్రం డ్యూటీ దిగి, పుదుచ్చేరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో వైద్య పరికరాల పుస్తకం తెరిచే పాఠకుని కోసం ఈ వ్యాసం. మీరు ఏదో ఒక ఆసుపత్రిలో పరికరాల మరమ్మతు చూస్తూ ఉండవచ్చు. లేదా ఏదైనా కంపెనీ తరఫున ఊరూరా తిరిగి మానిటర్లు, వెంటిలేటర్లు అమర్చి వస్తూ ఉండవచ్చు. ఎలక్ట్రానిక్స్‌లోనో, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లోనో డిగ్రీ ఉంది. ఉద్యోగం వదిలితే ఇల్లు గడవదు. అయినా బయోమెడికల్ ఇంజనీరింగులో ఎం.ఇ. గాని, ఎం.టెక్. గాని పార్ట్ టైంగా చదవాలని కోరిక. ఇటువంటి వారు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. సీటు ఎక్కడ దొరుకుతుంది? ఫీజు ఎంత? ప్రమోషనుకు పనికివస్తుందా?

ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. కాని నాలుగో ప్రశ్న ఒకటి ఉంది. ఈ చదువు, ఈ పుస్తకాలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి? పగలంతా కళాశాలలో ఉండే ఇరవై రెండేళ్ళ విద్యార్థి కోసమా, పగలంతా రోగుల మంచాల పక్కన తిరిగే మీ కోసమా? ఈ రెండింటికీ తేడా ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆ తేడాను చూపించి, దాని ఆధారంగా మన విద్యార్థులకు బాగా తెలిసిన మూడు పుస్తకాలను పరీక్షించడమే ఇక్కడ చేయబోతున్న పని.

ఊరిలో ఉన్న వనరులు

వైద్య పరికరాల గురించి ఆలోచించడానికి పుదుచ్చేరి అనువైన ఊరు. 1816లో పారిస్‌లో రెనె లెన్నెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. అదే స్టెతస్కోపుకు నాంది. ఆ తరువాత ఏడేళ్ళకే, 1823లో, ఫ్రెంచివారు పుదుచ్చేరిలో వైద్య పాఠశాల స్థాపించారు. నేటి జిప్‌మర్ తన చరిత్రను ఆ పాఠశాల నుంచే లెక్కపెట్టుకుంటుంది. 2008లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఇదే ఊరిలోని ఇంజనీరింగు కళాశాల 2020లో పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయంగా మారింది. అంటే రోగుల సమస్యలు తెలిసిన సంస్థ ఒకటీ, సర్క్యూట్లు తెలిసిన సంస్థ ఒకటీ ఒకే ఊరిలో ఉన్నాయి.

మన తెలుగువారికి ఈ ఊరితో ఇంకో బంధం కూడా ఉంది. కాకినాడ పక్కనున్న యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. అక్కడివారికి జిప్‌మర్ వైద్యమంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. 2024 ఫిబ్రవరిలో యానాంలోనే 90 పడకల జిప్‌మర్ విభాగాన్ని ప్రారంభించారు. 90 పడకలంటే ఎన్ని మానిటర్లు, ఎన్ని సిరంజి పంపులు, ఎన్ని డీఫిబ్రిలేటర్లు కావాలో మీకు వేరే చెప్పనక్కరలేదు. వాటిని కొనడం ఒక రోజు పని. పదేళ్ళపాటు నడపడం మరో రకం పని.

ఆ రెండో పనిలో మన దేశం ఎక్కడ ఉన్నదో జాతీయ ఆరోగ్య మిషన్ వారి లెక్కే చెబుతుంది. 29 రాష్ట్రాలలోని 29,115 ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో 7,56,750 పరికరాలను వారు నమోదు చేశారు. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి అందులో 13 నుంచి 34 శాతం వరకు పనిచేయకుండా పడి ఉన్నట్లు తేలింది. బయోమెడికల్ ఇంజనీరింగు చదువు మంచిదా, చెడ్డదా అని తేల్చడానికి ఇంతకంటె గట్టి కొలబద్ద నాకు కనిపించదు. ఆ మూలన పడిన పరికరాల సంఖ్యను తగ్గించే మనిషిని తయారుచేస్తున్నదా, లేదా?

గంటల లెక్క

పార్ట్ టైం అంటే దూరవిద్య కాదు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతి లేకుండా దూరవిద్య పద్ధతిలో ఇంజనీరింగు డిగ్రీలు ఇవ్వడం చెల్లదని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక పార్ట్ టైం విద్యార్థి తరగతికి స్వయంగా హాజరు కావలసిందే. హైదరాబాదులో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల, చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఉద్యోగస్థుల కోసం సాయంకాలపు ఎం.ఇ. తరగతులు నడిచాయి. పూర్తికాలపు విద్యార్థి రెండేళ్ళలో, అంటే నాలుగు సెమిస్టర్లలో ముగించే చదువును పార్ట్ టైం విద్యార్థి మూడేళ్ళలో, ఆరు సెమిస్టర్లలో చదువుతాడు. పుదుచ్చేరి నుంచి చెన్నై సుమారు 150 కిలోమీటర్లు. రోజూ సాయంత్రం పోయి రావడం మనిషి చేయగలిగిన పని కాదు. అందువల్ల పార్ట్ టైం చదువు ఉన్న ఊరిలోనే దొరకాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. సాయంత్రం రెండు గంటల చొప్పున వారానికి అయిదు రోజులు తరగతులు జరిగాయనుకుందాం. సెమిస్టరుకు పదహారు వారాలైతే మొత్తం 160 గంటలు. అదే పదహారు వారాలలో, వారానికి 48 గంటల చొప్పున, మీ ఉద్యోగం తీసుకునేది 768 గంటలు. తరగతికి దాదాపు అయిదు రెట్లు.

ఈ 768 గంటలను విశ్వవిద్యాలయం ఎలా చూస్తుంది? సాధారణంగా ఒక అడ్డంకిగా చూస్తుంది. ‘పాపం, ఉద్యోగం చేస్తూ చదువుతున్నాడు’ అని జాలిపడి, హాజరులో కాస్త సడలింపు ఇచ్చి, పూర్తికాలపు విద్యార్థికి చెప్పిన పాఠాన్నే నెమ్మదిగా చెబుతుంది. నా విమర్శ ఇక్కడే మొదలవుతుంది. ఆ విద్యార్థి చేతిలో ఉన్న గొప్ప ప్రయోగశాల ఆ 768 గంటలే. పూర్తికాలపు విద్యార్థి రెండేళ్ళలో చూడలేనన్ని చెడిపోయిన పరికరాలను అతడు ఒక్క వానాకాలంలో చూస్తాడు. ఆ అనుభవాన్ని పాఠంలోకి తేలేని చదువు, పార్ట్ టైం చదువు అనిపించుకోదు. అది పూర్తికాలపు చదువును మూడేళ్ళకు సాగదీయడం మాత్రమే.

మూడు పుస్తకాలు

ఇప్పుడు పుస్తకాలకు వద్దాం. మొదటిది క్రామ్‌వెల్, వైబెల్, ఫైఫర్ అనే ముగ్గురు రాసిన ‘బయోమెడికల్ ఇన్‌స్ట్రుమెంటేషన్ అండ్ మెజర్‌మెంట్స్’. 1973లో వచ్చింది. రెండో ముద్రణ 1980లో వెలువడింది. ఇంజనీరుకు శరీరం గురించి ఏమీ తెలియదన్న వినయంతో రాసిన పుస్తకం ఇది. గుండె ఎలా కొట్టుకుంటుందో, నరంలో సంకేతం ఎలా పుడుతుందో ముందు చెప్పి, ఆ తరువాతే కొలిచే పరికరం దగ్గరకు తీసుకుపోతుంది. రాత్రి తొమ్మిది గంటలకు అలసిన కళ్ళతో చదివినా అర్థమవుతుంది. ఈ గుణం చిన్నది కాదు. లోపం వయసే. పల్స్ ఆక్సిమీటరు ఆసుపత్రులలో విరివిగా వాడుకలోకి రాకముందే ఆగిపోయిన పుస్తకం ఇది. శరీరం గురించి చదవండి, పరికరం గురించి మాత్రం వేరే చోట వెతుక్కోండి.

రెండోది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వెబ్‌స్టర్ సంపాదకత్వంలో 1978లో వచ్చిన ‘మెడికల్ ఇన్‌స్ట్రుమెంటేషన్: అప్లికేషన్ అండ్ డిజైన్’. తరువాత ఎన్నో ముద్రణలు పొందింది. ఈ మూడింటిలో గట్టి పుస్తకం ఇదే. పరికరాన్ని వర్ణించి ఊరుకోదు, మీ చేత రూపకల్పన చేయిస్తుంది. ఉదాహరణకు ఇ.సి.జి. తీసుకోండి. గుండె సంకేతం చర్మం మీదికి వచ్చేసరికి ఒక మిల్లీవోల్టు స్థాయిలో ఉంటుంది. చుట్టూ గోడల్లో 230 వోల్టుల తీగెలు ఉన్నాయి. ఆ గోలలో ఈ గుసగుసను ఎలా వినాలి? రోగి కుడికాలికి ఒక తీగె కలిపి, శరీరం మీద పేరుకున్న అనవసరపు వోల్టేజీని తిరగేసి అదే శరీరానికి పంపి అణచివేసే ఉపాయాన్ని ఈ పుస్తకం లెక్కలతో సహా నేర్పుతుంది. అధ్యాయం చివర ఉన్న లెక్కలు చేయకుండా ఈ పుస్తకం చదివానని చెప్పుకోవడం ఆత్మవంచన. అయితే వారానికి ఒక ఆదివారం మాత్రమే చేతిలో ఉన్నవాడికి ఇది కొండ ఎక్కడం వంటిది.

మూడోది మనవారు రాసినది. చండీగఢ్‌లోని కేంద్ర శాస్త్రీయ పరికరాల సంస్థలో పనిచేసిన ఆర్.ఎస్. ఖాండ్‌పూర్ రచించిన ‘హ్యాండ్‌బుక్ ఆఫ్ బయోమెడికల్ ఇన్‌స్ట్రుమెంటేషన్’. 1987లో మొదట వెలువడింది. 2003లో రెండో ముద్రణ, 2014లో మూడో ముద్రణ వచ్చాయి. మన కళాశాలల్లో ఎక్కువ చేతుల్లో నలిగిన పుస్తకం ఇదే అనవచ్చు. దీని బలం విస్తృతి. కొలిచే పరికరాలు, శరీరం లోపలి బొమ్మలు తీసే పరికరాలు, చికిత్స చేసే పరికరాలు అని విభజించి, ఇ.సి.జి. మొదలుకొని రక్తకణాల లెక్కింపు యంత్రం, డయాలిసిస్, మూత్రపిండాల్లో రాళ్ళు పగలగొట్టే లిథోట్రిప్టర్, వెంటిలేటర్ వరకు అన్నింటినీ చూపిస్తుంది. రేపు ఉదయం మీకు పరిచయం లేని యంత్రం ముందు నిలబడవలసి వస్తే ఈ రాత్రి తెరవవలసిన పుస్తకం ఇది. బలహీనత కూడా ఆ విస్తృతిలోనే ఉంది. కొన్ని చోట్ల ఇది పాఠ్యపుస్తకంలా కాక పరికరాల పట్టికలా నడుస్తుంది. యంత్రంలో ఏ గడి తరువాత ఏ గడి వస్తుందో తెలుస్తుంది. ఏ గడి ముందు చెడుతుందో తెలియదు. వైద్య పరికరాలను అపాయం స్థాయిని బట్టి ఏ, బి, సి, డి తరగతులుగా విభజించిన మన నియమావళి 2017లో వచ్చి, 2018 జనవరి 1 నుంచి అమలయింది. 2014 నాటి ముద్రణలో అది ఉండే అవకాశం లేదు. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్ వంటి చోట ఉద్యోగం ఆశించేవాడికి ఈ నియమావళి వర్ణమాల వంటిది.

ఈ మూడు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి విషయసూచికలు చూడండి. ఒక సంగతి కనిపిస్తుంది. విద్యుత్తు వల్ల రోగికి కలిగే అపాయం గురించిన అధ్యాయం క్రామ్‌వెల్ పుస్తకంలో చిట్టచివరన ఉంది. వెబ్‌స్టర్ పుస్తకంలోనూ చిట్టచివరే. ఖాండ్‌పూర్ రెండో ముద్రణలో కాస్త ముందుకు వచ్చి, మొదటి భాగం ముగింపులో పద్దెనిమిదో అధ్యాయంగా ఉంది. తరగతిలో సిలబస్ చివరి యూనిట్ ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. పరీక్షలు దగ్గరపడతాయి. ‘ఇది మీరే చదువుకోండి’ అని ఒక గంటలో ముగుస్తుంది.

మూడో పిన్ను

పూర్తికాలపు విద్యార్థికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. అతడు రోగి దగ్గరకు పోయేసరికి చివరి అధ్యాయం కూడా అయిపోతుంది. పార్ట్ టైం విద్యార్థి మాత్రం మొదటి అధ్యాయం చదివిన మరునాటి ఉదయమే రోగి పక్కన ఉంటాడు. ఇది నాకు ఎలా బోధపడిందో చెబుతాను.

నేను పార్ట్ టైంగా చదివే రోజుల్లో ఒక ఆసుపత్రి నుంచి ఇ.సి.జి. యంత్రం గీత సన్నగా రాక, గొంగళి పురుగులా లావుగా వస్తున్నదని కబురు వచ్చింది. సెకనుకు యాభై సార్లు వణికే కరెంటు జోక్యమని చూడగానే తెలిసింది. అప్పుడే చదివిన అధ్యాయం బుర్రలో వేడిగా ఉంది. యాంప్లిఫయరు మీద అనుమానపడ్డాను. మూత విప్పాను. కుడికాలి తీగె సర్క్యూటు కొలిచాను. గంటన్నర గడిచింది. అంతా సవ్యంగానే ఉంది. చివరికి అక్కడి నర్సు, ‘పక్క గదిలో పెడితే బాగానే వస్తుంది సార్, ఈ గదిలోనే ఈ బాధ’ అన్నది. అప్పుడు వంగి ప్లగ్గు చూశాను. ఆ గదిలో ఎక్స్‌టెన్షను బోర్డుకు రెండు రంధ్రాలే ఉన్నాయి. ప్లగ్గు దూరడం కోసం ఎవరో యంత్రం మూడో పిన్నును పటకారుతో కత్తిరించి పారేశారు. పక్క గదిలో మామూలు ఇ.సి.జి. ఎలా బాగా వచ్చిందంటే, అక్కడ మంచానికి పైగా పోయే కరెంటు తీగెలు లేవు. అంతకు మించి ఏమీ లేదు. ఎర్తు అక్కడా లేదు.

గీత లావుగా రావడం చిన్న విషయం. అసలు అపాయం ఎక్కడ ఉందో చూడండి. ఏ యంత్రంలోనైనా కరెంటు తీగెకూ, లోహపు పెట్టెకూ మధ్య కంటికి కనపడని చిన్న కెపాసిటెన్సు ఉంటుంది. దాని గుండా కొద్దిపాటి లీకేజీ కరెంటు పెట్టెలోకి వస్తూనే ఉంటుంది. మూడో పిన్ను ఉంటే అది ఎర్తు తీగె గుండా నేలలోకి పోతుంది. పిన్ను లేకపోతే పెట్టెను తాకిన మనిషి గుండా పోతుంది.

ఆ కరెంటు ఎంత? అమెరికా పుస్తకాలు రెండూ 60 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్న దేశంలో పుట్టాయి. అక్కడి వోల్టేజీ 120. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కెపాసిటెన్సు గుండా పోయే కరెంటు వోల్టేజీని, పౌనఃపున్యాన్ని గుణించిన మొత్తానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక నానోఫారడ్ కెపాసిటెన్సుకు లెక్క కడితే అమెరికాలో సుమారు 45 మైక్రో యాంపియర్లు వస్తుంది. అదే కెపాసిటెన్సుకు పుదుచ్చేరిలో 72 వస్తుంది. అంటే పుస్తకంలోని ప్రతి లీకేజీ లెక్కను మీరు 1.6తో గుణించుకోవాలి.

మామూలు మనిషి చేతి వేలికి తెలియాలంటే సుమారు ఒక మిల్లీ యాంపియరు, అంటే వెయ్యి మైక్రో యాంపియర్లు కావాలి. కనుక 72 మైక్రో యాంపియర్లు నర్సుకు గాని, మీకు గాని తెలియనే తెలియవు. కాని రోగి గుండెలోకి పేస్‌మేకరు తీగెనో, సెలైను నింపిన క్యాథెటరునో పంపి ఉంటే? అప్పుడు కరెంటును అడ్డుకునే చర్మం దారిలో లేదు. నేరుగా గుండెకు కలిపే పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణం మామూలు పరిస్థితుల్లో అనుమతించే లీకేజీ 10 మైక్రో యాంపియర్లు. ఏదో ఒక లోపం వచ్చినప్పుడు కూడా 50కి మించరాదు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 13450 దీనినే అనుసరిస్తుంది. 72 అంటే ఈ రెండు హద్దులూ దాటినట్లే. నర్సు వేలికి తెలియని కరెంటు రోగి గుండె లయను తప్పించగలదు.

ఆ రోజు ఆ మంచం మీది రోగికి గుండెలోకి తీగె లేదు. అంతే అదృష్టం. పిన్ను కత్తిరించినవాడిని నిందించడం తేలిక. అతడు పని ఆగకూడదనుకున్నాడు. ఎం.ఇ. చదువుతూ కూడా గంటన్నర సేపు ప్లగ్గు వైపు చూడని నన్ను నిందించుకోవడమే సబబు. నేను పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వరుసగా చదువుతున్నాను. ప్లగ్గు ఉన్న అధ్యాయానికి ఇంకా ఏడాదిన్నర ఉంది.

వక్రరేఖ ఎవరిది?

పుస్తకాలను ప్రశ్నిస్తూ చదవడం ఎందుకు అవసరమో చెప్పే ఉదాహరణ మరొకటి ఉంది. కోవిడ్ రోజుల్లో పల్స్ ఆక్సిమీటరు ఇంటింటికీ వచ్చింది. 1970ల మొదట్లో జపానులో తకువో అయోయాగి రూపొందించిన సూత్రం అది. వేలి గుండా 660 నానోమీటర్ల ఎరుపు కాంతిని, సుమారు 940 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపుతారు. నాడి కొట్టుకునేటప్పుడు రెండు కాంతులూ ఎంతెంత తగ్గాయో చూసి నిష్పత్తి కడతారు. ఇంతవరకు పుస్తకాలు చక్కగా చెబుతాయి.

అయితే ఆ నిష్పత్తి నుంచి ‘97 శాతం’ అనే అంకె ఎలా వస్తుంది? కేవలం సూత్రం నుంచి రాదు. ఆరోగ్యవంతులైన కొందరు స్వచ్ఛంద సేవకుల చేత ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలిని పీల్పించి, వారి రక్తాన్ని పరీక్షించి, ఆ ఫలితాలతో ఒక వక్రరేఖ గీస్తారు. యంత్రం మీ వేలిని ఆ వక్రరేఖతో పోలుస్తుంది. ఆ వేళ్ళు ఎవరివి? వారి చర్మం రంగు ఏమిటి? 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, యంత్రం సవ్యంగా ఉందని చెప్పినా నిజానికి రక్తంలో ఆక్సిజన్ తగ్గిపోయి ఉన్న సందర్భాలు తెల్లవారిలో కంటె నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. రకరకాల చర్మపు ఛాయలు గలవారి మీద పరీక్షించాలంటూ అమెరికా ఎఫ్.డి.ఏ. 2025 జనవరిలో ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఈ సంగతి మన దేశానికి ఎంత ముఖ్యమో ఆలోచించండి. చామనఛాయ, నలుపు మన దగ్గర ‘ప్రత్యేక సందర్భం’ కాదు, మామూలు సందర్భం. ఆక్సిమీటరు అధ్యాయం చదివిన విద్యార్థి అడగవలసిన మొదటి ప్రశ్న కాంతి తరంగదైర్ఘ్యం గురించి కాదు, ఆ వక్రరేఖ గురించి. రోజూ రక్త పరీక్ష ఫలితాలూ, ఆక్సిమీటరు అంకెలూ పక్కపక్కన కనిపించే చోట పనిచేసే మీకు ఈ ప్రశ్న అడిగే అవకాశం ఇతరులకంటె ఎక్కువ.

ఓటమి కథలు

ఈ పుస్తకాలలో నాకు కనిపించే మరో కొరత, ఓటమి కథలు తక్కువ కావడం. పరికరం ఎలా పనిచేస్తుందో చెప్పే పేజీలు వందలు. ఎలా మోసం చేసిందో చెప్పే పేజీలు కొద్ది. 1985–87 మధ్య అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు మించిన కిరణాలు ఇచ్చింది. పాత నమూనాలలో ఉన్న విద్యుత్ అడ్డుకట్టలు తీసివేసి, ఆ బాధ్యతను కంప్యూటరు ప్రోగ్రాముకు వదలడం దానికి ఒక ముఖ్య కారణం. ఆపరేటరు వేగంగా టైపు చేసి తప్పు దిద్దుకుంటే ప్రోగ్రాము తికమక పడేది. కంప్యూటరుతో నడిచే ప్రతి సిరంజి పంపు ముందూ ఈ కథ గుర్తుకు రావాలి.

మన కథలూ ఉన్నాయి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో తయారైన కృత్రిమ గుండె కవాటం 1990 డిసెంబరు 6న తొలిసారి రోగికి అమర్చబడింది. ఇప్పటికి లక్షకు పైగా రోగులకు చేరింది. కాని అది నాలుగో నమూనా. ముందరి మూడూ పరీక్షలలో నిలవలేదు. మెరుగులు దిద్దిన ఖరీదైన పదార్థాల తరువాత చివరికి గెలిచింది కోబాల్టు మిశ్రలోహపు చట్రం, అత్యధిక అణుభారం గల పాలిథిలీన్ బిళ్ళ. ఆ మూడు ఓటములనూ వివరంగా బోధిస్తే పదార్థ విజ్ఞానం, అలసట పరీక్షలు, రక్త ప్రవాహం అన్నీ ఒకే కథలో వస్తాయి.

హైదరాబాదులో జరిగినది ఇంకోటి. క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన మిశ్రమ పదార్థాన్ని చూసి, నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు పోలియో పిల్లల సంగతి ఎత్తారు. మూడు కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్ల స్థానంలో సుమారు మూడు వందల గ్రాములవి వచ్చాయని అబ్దుల్ కలాం పలు సభలలో చెప్పేవారు. పదార్థం ప్రయోగశాలలో ఉంది. సమస్య వార్డులో ఉంది. రెండింటినీ చూసిన మనిషి ఉండబట్టి ఆ పని జరిగింది. పార్ట్ టైం విద్యార్థి కాగలిగినది సరిగ్గా ఆ మనిషే.

ఒక ఆక్షేపణ

‘పునాది లేకుండా చివరి అధ్యాయం ఎలా అర్థమవుతుంది?’ అని అధ్యాపకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. యాంప్లిఫయరు తెలియనివాడు వేరుపరచిన విద్యుత్ వలయాన్ని పూర్తిగా గ్రహించలేడు. వెబ్‌స్టర్ తన పుస్తకాన్ని అలా అమర్చడానికి తర్కం లేకపోలేదు. నేను పునాదిని తీసివేయమనడం లేదు. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఉన్న ఉద్యోగికి లీకేజీ కరెంటు అర్థం కావడానికి కావలసిన పునాది ఇప్పటికే ఉందంటున్నాను. ఓమ్ నియమం, కెపాసిటర్, ఎర్తు తీగె, ఇంతే. ఆ అధ్యాయాన్ని మొదటి నెలలో ఒకసారి, చివరి సెమిస్టరులో మరొకసారి చదవవచ్చు. రెండోసారి చదివినప్పుడు మధ్యలో చూసిన ముప్పై ప్లగ్గులు ఆ పాఠానికి తోడవుతాయి.

కనుక మీకు నా సూచన ఇది. వెబ్‌స్టర్‌ను చివరి అధ్యాయం నుంచి మొదలుపెట్టండి. లెక్కలన్నీ 230 వోల్టులకు, 50 హెర్ట్జ్‌కు మార్చి చేయండి. శరీరం గురించి క్రామ్‌వెల్ చదవండి. ఖాండ్‌పూర్‌ను సంచిలో ఉంచుకోండి. మీరు బాగుచేసిన ప్రతి పరికరానికీ ఒక పేజీ కేటాయించి, ఏమి చెడింది, ఎందుకు చెడింది, పుస్తకంలో ఆ మాట ఉందా, లేదా అని రాసుకోండి. మూడేళ్ళ తరువాత ఆ నోటుపుస్తకమే మీ ప్రాజెక్టు అవుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఈ ఊరిలో పరికరాల కనెక్టర్లు ఎన్నాళ్ళు నిలుస్తాయి? ఏ గదుల్లో ఎర్తు లేదు? ఇవి ఎం.ఇ. స్థాయి ప్రశ్నలు కావని ఎవరైనా అంటే, ఆ 34 శాతం అంకెను వారి ముందు పెట్టండి.

విశ్వవిద్యాలయాలకు ఒక మాట. మద్రాసు ఐ.ఐ.టి., వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, శ్రీ చిత్ర సంస్థ కలిసి క్లినికల్ ఇంజనీరింగులో ఉమ్మడి ఎం.టెక్. రూపొందించాయి. ఇంజనీరింగు విద్యార్థిని ఆసుపత్రిలోకి పంపే ఆ పద్ధతి మంచిది. కాని అది ఉద్యోగం మానుకుని చదవగలిగినవారికే. ఆసుపత్రిలో ఇప్పటికే ఉన్నవారిని సాయంత్రం కళాశాలకు తెచ్చే ఏర్పాటు కూడా కావాలి. సాంకేతిక విశ్వవిద్యాలయమూ, జాతీయ స్థాయి వైద్య సంస్థా ఒకే ఊరిలో ఉన్న పుదుచ్చేరి దానికి తగిన చోటు. సిలబస్ కొత్తగా రాయనక్కరలేదు. చివరి యూనిట్‌ను మొదటికి తెచ్చి, ఉద్యోగంలో చేసిన పనికి మార్కులు ఇస్తే చాలు, మొదలు పెట్టినట్లే.

అంతవరకు ఆగనక్కరలేదు. రేపు ఉదయం మీరు వెళ్ళే మొదటి వార్డులో యంత్రం మూత విప్పే ముందు ఒకసారి వంగి ప్లగ్గు చూడండి. పిన్నులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మూడూ ఉంటే, ఆ మూడో రంధ్రం వెనక నిజంగా ఎర్తు తీగె ఉందో లేదో మీటరు పెట్టి చూడండి. మీ స్నాతకోత్తర విద్యలో మొదటి ప్రయోగం అయినట్లే.